తండ్రి మాట – కూతురి ప్రాణము



హైదరాబాదు పాతబస్తీలోని యాకుత్‌పురాలో ఏటేటా బక్రీదు పండుగ జరుగును. దైవాజ్ఞకు తలయొగ్గి కన్నకొడుకును బలియీయ సిద్ధపడిన ఇబ్రాహీమును ముస్లిములు ఆనాడు స్మరింతురు. బైబిలు ఆయననే అబ్రాహామనును. ఆ కుమారుడు ఇస్సాకని బైబిలు చెప్పగా, ఇస్మాయిలని ముస్లిములలో పెక్కుమంది నమ్ముదురు. పేరేదైనను బాలుడు బ్రదికెను; పొట్టేలు బలియయ్యెను. కత్తి ఆగినది కనుకనే అది పండుగయైనది.

కత్తి ఆగని కథయు బైబిలులో కలదు. న్యాయాధిపతుల గ్రంథము 11వ అధ్యాయమున యెఫ్తా యను సేనాని, అమ్మోనీయులను జయించి వచ్చినచో తన యింటినుండి ఎదురువచ్చుదానిని దహనబలిగా అర్పింతునని మ్రొక్కుకొనెను. జయించి వచ్చెను. నాట్యమాడుచు ఎదురువచ్చినది ఒక్కగానొక్క కూతురు! ఆమె రెండు నెలలు గడువడిగి, చెలికత్తెలతో కొండలపై విలపించి, తిరిగివచ్చెను. తండ్రి మ్రొక్కు చెల్లించెను. ఆమెను చంపలేదనియు, ఆజన్మకన్యగా ఉంచెననియు కొందరు వ్యాఖ్యాతల మతము.

దీనికి చేరువైన గ్రీకు విషాదనాటకము ‘ఔలిస్‌లో ఇఫిజీనియా’. రచయిత యూరిపిడీసు, క్రీస్తుపూర్వము 5వ శతాబ్దమువాడు. ట్రాయ్ యుద్ధమునకు బయలుదేరిన నావలు ఔలిస్ రేవున నిలిచిపోయెను. సేనానాయకుడగు అగమెమ్నాను తన కూతురిని ఆర్టెమిస్ దేవతకు బలియిచ్చిననే యాత్ర సాగునని దైవజ్ఞుడు పలికెను. అగమెమ్నాను, ఎకిలీజుతో పెండ్లియని బొంకి ఆమెను పిలిపించెను. ఇఫిజీనియా మొదట ప్రాణభిక్ష వేడెను. పిదప దేశము కొరకని తానే బలిపీఠమునకు నడచెను. ఆమెకు బదులు లేడి పడియున్నదని చివర దూత చెప్పును గాని, ఆ భాగము పరుల చేర్పని పెక్కుమంది పండితులు తలంతురు.

యెఫ్తా ఎవరిని అర్పించునో ఎరుగక మాట యిచ్చెను. అగమెమ్నాను ఎరిగియే సమ్మతించెను. గ్రీకు నాటకమున తల్లి క్లైటెమ్నెస్ట్రా భర్తను నిలదీయును. బైబిలు కథలో తల్లి ఊసే లేదు, బిడ్డకు పేరైనను లేదు. 16వ శతాబ్దమున స్కాట్లండు కవి జార్జి బుకానన్ యెఫ్తా కథను లాటిను నాటకముగా వ్రాయుచు, ఇఫిజీనియాను తలపించునట్లు ఆమెకు ‘ఐఫిస్’ అని పేరిడెను. రెండు కథల పోలికను ఆయన నాడే గుర్తించెనన్నమాట.

మన శ్రీనాథుని హరవిలాసమున చిరుతొండనంబి కొడుకు సిరియాళుని శివుడు మరల బ్రదికించెను. ఇస్సాకు బ్రదికెను. యెఫ్తా కూతురికి మాత్రము పొట్టేలు దొరకలేదు. ఏటేట నాలుగు దినములు ఇశ్రాయేలు స్త్రీలు ఆమెకై శోకించు ఆచారమే ఆమెకు మిగిలినది.

కూతుళ్లిరువురును తుదకు ఒప్పుకొనిరి గదా యని కొందరనవచ్చును. కత్తి ముందర నిలిపి పొందిన ఒప్పుదల తండ్రి దోషమును కడుగజాలదు. మాట యిచ్చినవాడు తండ్రి; చెల్లించినది కూతురు. పిల్లనడుగక పెండ్లిమాట యిచ్చి, పిదప పరువు కొరకు ఆమెను తలవంచుమను తండ్రులు మన పల్లెలలోను కలరు. అట్టివారు ఈ రెండు కథలను ప్రక్కప్రక్కన నుంచి చదువుదురు గాక!