గుండ్లకమ్మ రేవులో పాపం, తీర్పు, రక్షణ

క్రైస్తవంలో పాపం, తీర్పు, రక్షణ అన్న భావాలు ఎలా నడిచివచ్చాయో చెప్పమన్నారు. రోము నుంచి మొదలుపెడితే ఈ సాయంత్రం చాలదు. ఎవరి పేర ఈ సభ జరుగుతోందో ఆ మాస్టారే ఉంటే, "ముందు మన జిల్లా సంగతి తేల్చవయ్యా" అనేవారు. కనుక ఒంగోలు సంగతే చెబుతాను.

ఒంగోలు ప్రాంతంలో పనిచేసింది బాప్టిస్టులు. వారి నమ్మకం సూటిగా ఉంటుంది. మనుషులందరూ పాపులే. దేవుని తీర్పు ముందు ఎవరికి వారే నిలబడాలి, తండ్రి పుణ్యం కొడుక్కి అక్కరకు రాదు. క్రీస్తు తన కోసం ప్రాణం పెట్టాడని నమ్మి, మారుమనస్సు పొందినవారికే నీళ్లలో ముంచి బాప్తిస్మం ఇస్తారు. అందుకే చంటిపిల్లలకు ఇవ్వరు. అమెరికా నుంచి ఈ నమ్మకం పట్టుకొచ్చిన జాన్ క్లౌకి ఎదురైనవి మాదిగపల్లెలు. అక్కడ పెళ్లయినా చావయినా జాతరయినా పల్లెంతా కలిసి తీర్మానించుకోవలసిందే.

ఆ పల్లెలవారిలో 1866లో బాప్తిస్మం పొందిన యర్రగుంట్ల పేరయ్య తోళ్ల వ్యాపారి. అంతకుముందే రాజయోగం సాధన చేసినవాడు. ముక్తి గురించి అతనికి ఎవరో వచ్చి కొత్తగా నేర్పవలసిన అవసరం లేకపోయింది. వెతుకులాట ముందే ఉంది. పడమటి పల్లెల్లో అతను చెప్పిన మాటే దొర మాటకన్నా ముందు చెవికెక్కింది.

చేరినవారికి పెట్టిన నియమాలు మూడు: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. చూడటానికి ఇవి భక్తి నియమాలు. కానీ ఆదివారం పని మానితే ఆసామి చేను ఆగుతుంది. మొక్కు మానితే జాతరలో డప్పు ఆగుతుంది. పాపం మానడమంటే వెట్టిలో కొంత మానడమే అయింది. కరణాలకూ మునసబులకూ కోపం వచ్చిందంటే వింతేముంది?

తరువాత ధాత కరువు వచ్చింది. క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడు మైళ్ల పైచిలుకు తవ్వకం కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. బోధకులే మేస్త్రీలుగా పనిచేశారు. కూలి కోసం మతం పుచ్చుకున్నారన్న మాట రాకూడదని ఏడాదికి పైగా బాప్తిస్మాలే ఆపేశాడు. ఆయన చేసిన పనుల్లో నాకు అన్నిటికన్నా గొప్పగా కనిపించేది ఇదే.

1878 జూన్‌లో మళ్లీ మొదలుపెట్టారు. జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. నీళ్లలో దిగింది ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరుగా వంతులు మార్చుకుంటూ. క్లౌ ఒడ్డునే ఉన్నాడు. ఇంతమందికి ఒకేసారి మారుమనస్సు కలుగుతుందా అన్న సందేహం విదేశాల్లోనూ పుట్టింది. ఆ సందేహం వెనుక, రక్షణ ఒంటరి మనిషికే అన్న లెక్క ఉంది. నా మటుకు నాకు ఆ లెక్క ఈ నేలకు చాలదు. అంటరానితనం ఒక్కడు చేసిన పాపం కాదు. దానిలోంచి ఒక్కడే బయటపడటమూ కుదరదు.

ఇక్కడో చిత్రమైన బంధుత్వం ఉంది. క్లౌ రెండో భార్య ఎమ్మా సోదరుడు వాల్టర్ రౌషెన్‌బుష్. న్యూయార్కు పేదవాడలో పాస్టరుగా పనిచేసి, పాపం వ్యక్తిలోనే కాక సంస్థల్లోనూ వ్యవస్థల్లోనూ కాపురముంటుందని 1917లో పుస్తకం రాసినవాడు. ఒంగోలు ఆయన మీద ఎంత పని చేసిందో నేను తూచి చెప్పను.

క్లౌ ఆత్మకథను అక్షరాల్లో పెట్టింది కూడా ఎమ్మానే. ఆయన పోయిన తరువాత, 1914లో అచ్చయింది. పేరయ్య కథ మనకు దొరికేదీ ఆమె కలం నుంచే. నీళ్లలో నిలబడిన ఆ ఆరుగురి మాట మాత్రం తక్కువ వినిపిస్తుంది. ఈ సభలో వారి వారసులుంటే, ఇంట్లో పెద్దలు చెప్పినవి దయచేసి రాసిపెట్టండి.