తెల్లకణముల లెక్క

విజయనగరమున నొక యింట బిడ్డకు జ్వరము వచ్చినదనుకొందము. రక్తపరీక్ష చీటీలో తెల్లకణములు 20,000 అని యున్నది. పొరుగువారెవరో "క్యాన్సరేమో" అనిరి. ఆ రాత్రి ఆ యింట ఎవరికిని నిద్ర లేదు. ఆ భయము ఎంతవరకు తగినది?

పెద్దవారి రక్తమున ఘన మిల్లీమీటరునకు సుమారు 4,000 మొదలు 11,000 వరకు తెల్లకణములుండుట సహజము. పసిపిల్లలకు ఇంతకంటె హెచ్చుగా నుండును. ఇవి దేహమునకు కావలివాండ్రు. చీముగడ్డ, న్యుమోనియా వంటివి వచ్చినపుడు వీని సంఖ్య పెరుగును. వ్యాధి నయము కాగానే తగ్గును. బోదకాలు చిరకాలముగా నెలకొనిన మన తీరసీమలో ఇంకొక కారణమును కలదు. కొందరి దేహము ఆ వ్యాధిక్రిములపై తీవ్రముగా తిరుగబడగా ఇస్నోఫిల్ అను తెల్లకణములు మిక్కుటమై, రాత్రులందు దగ్గు, పిల్లికూతలు వచ్చును. ఇది క్యాన్సరు కాదు; మందునకు లొంగును.

ల్యుకేమియా వేరు. అందు ఎముకల మూలుగలో క్యాన్సరు కణములు అదుపు లేక పెరిగి, మంచి కణములకు చోటు లేకుండ చేయును. లెక్క లక్షకు మించవచ్చును. ఒక్కొక్కప్పుడు తక్కువగా కూడ నుండవచ్చును. కావున అంకె యొక్కటే తీర్పు కాదు. సూక్ష్మదర్శినిలో కణముల రూపు చూచి, అవసరమైనచో మూలుగను పరీక్షించి వైద్యులు నిర్ణయింతురు. విడువని జ్వరము, పాలిపోవుట, చిగుళ్ళ నుండి నెత్తురు, దెబ్బ తగులకయే కమిలిన మచ్చలు, మెడలో గడ్డలు, ఎడమ డొక్కలో బరువు కనిపించినచో ఉపేక్షింపరాదు.

ఈ రెండు వ్యాధుల చికిత్స వెనుకను ఒక తెలుగువాని కృషి కలదు. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో నడిపిన పరిశోధనల నుండి 1947లో బోదకాలు మందు డైఇథైల్‌కార్బమజైన్ వెలువడినది. అచ్చటనే తయారైన అమినోప్టెరిన్‌ను బోస్టనులో సిడ్నీ ఫార్బర్ ల్యుకేమియా సోకిన 16 మంది బిడ్డలకిచ్చి, 10 మందికి తాత్కాలికముగా గుణము కనిపించినదని 1948లో ప్రకటించిరి. ఆ యేడే సుబ్బారావుగారు కన్నుమూసిరి. ఆ కోవకే చెందిన మెథోట్రెక్సేట్ నేటికిని వాడుకలో నున్నది. బిడ్డలకు తరచుగా వచ్చు ల్యుకేమియా, సకాలమున మొదలిడి చికిత్సను తుదివరకు సాగించినచో, నేడు పెక్కుమందికి నయమగుచున్నది.

కావున చీటీ చూచి బెదరవలదు. దానిని పెట్టెలో దాచవలదు. తెల్లవారగనే వైద్యునికి చూపి, మరల పరీక్ష చేయింపుడు. అనుమానము తీరనిచో విశాఖపట్నము చేరువ అగనంపూడిలో టాటా మెమోరియల్ వారి హోమీ భాభా క్యాన్సరు ఆసుపత్రి యున్నది. శ్రీకాకుళము నుండియైనను అది పూట ప్రయాణమే. ఆ పూటను వాయిదా వేయకుండుటయే బిడ్డకు మనము చేయగల మేలు.