గాలపువేటలో తొలి పాఠములు

చేపలు పట్టుట వృత్తిగా గల కుటుంబములు మన కృష్ణా డెల్టాలో లెక్కకు మిక్కిలిగా కలవు. దానిని వినోదముగా నెంచి, గాలము చేతబట్టి గట్టున కూర్చుండువారు మాత్రము తక్కువ. పాశ్చాత్య దేశములలో ఈ వినోదమునకు గొప్ప మన్నన కలదు. ఐజాక్ వాల్టన్ అను ఆంగ్లేయుడు దీనిపై 1653లో ప్రకటించిన గ్రంథమును నేటికిని చదువుచున్నారు. అంతకు ఐదు శతాబ్దములకు పూర్వమే, కల్యాణి చాళుక్యరాజగు మూడవ సోమేశ్వరుడు తన 'మానసోల్లాస'మున 'మత్స్యవినోద'మను ప్రకరణమును చేర్చి, పలుజాతుల చేపలను, వానికి ఇష్టమగు ఎరలను, గాలమును, దారమును వర్ణించియున్నాడు. కావున ఈ వినోదమును మనము ఎరువు తెచ్చుకొననక్కరలేదు.

గాలపువేట యనగానే ఆంగ్ల పుస్తకములు చదివినవారికి ట్రౌటు చేప స్ఫురించును. అది చలినీటి జీవి. నీటి వేడిమి 20 డిగ్రీల సెంటిగ్రేడు దాటినచో దానికి సుఖముండదు. నీలగిరుల చల్లని ఏరులలో సైతము దానిని నెలకొల్పుటకు 1863 మొదలు ఎన్నో యత్నములు జరిగి, 20వ శతాబ్దపు తొలి దశకమున గాని ఫలింపలేదు. పుష్యమాసమునందైనను మన కాలువనీరు అంత చల్లబడదు. మన నీటిలో పెరుగు చేపలు వేరు. బొచ్చె, శీలావతి, ఎర్రమోసు, వాలుగ, జెల్ల, పరిగ, అన్నింటికంటె రుచిలో మేటియైన కొరమీను మనకున్నవి. కృష్ణకు 1855లో ఆనకట్ట పూర్తియైనది. అది 1952లో గండిపడగా, 1957లో ప్రకాశం బ్యారేజి వెలసినది. ఆ నీటితో నిండు కాలువలు, బోదెలు, ఊరి చెరువులే మన గాలపువేటకు రంగస్థలములు.

ఒక భాద్రపదమాసమున మేము దంపతులము ఈ విద్యను నేర్వదలచి, విజయవాడనుండి బయలుదేరి, ఉయ్యూరునకు ఆవల నున్న ఒక గ్రామమునకు పోయితిమి. వినోదమొక్కటియే మా ఉద్దేశము కాదు. మా మామగారు శస్త్రచికిత్సానంతరము తేరుకొనుచుండిరి. నీరసించినవారికి కొరమీను పులుసు బలమిచ్చునని మన పెద్దల నమ్మకము. స్వయముగా పట్టిన కొరమీనును తండ్రికి వండిపెట్టవలెనని మా శ్రీమతి ముచ్చటపడినది. ఆ ఊరి మత్స్యకారులలో వృద్ధుడొకడు మాకు దారి చూపుటకు ఒప్పుకొనెను.

ఆయన తెచ్చిన పరికరములు స్వల్పము: పది అడుగుల సన్నని వెదురుగడలు రెండు, నైలాను దారము, జీలుగుబెండు, చిన్న సీసపుగుండు, గాలములు, కొబ్బరిచిప్పలో తడిమన్నుతో కూడిన ఎర్రలు. తొలి పాఠము గాలము వేయకమునుపే ఆరంభమైనది. సూర్యుడు వెనుకనుండగా కూర్చున్నచో మన నీడ నీటిపై బడి చేప బెదరును. గట్టుపై బలముగా అడుగులు వేసినచో ఆ అదురు నేలగుండా నీటికి ప్రాకును. మాటలకంటె అడుగులే చేపలను ఎక్కువగా తరుమునని వృద్ధుడు చెప్పెను.

రెండవ పాఠము లోతు. బెండును దారముపై పైకి క్రిందికి జరిపి, ఎర అడుగుమన్నుకు జానెడు ఎత్తున వ్రేలాడునట్లు చేయవలెను. జెల్ల అడుగున తిరుగును గాన దానికి ఇంకను దింపవలెను. పరిగకు కొంత పైకి తీయవలెను.

మూడవ పాఠము బెండు భాష. పరిగ తాకినచో బెండు టకటక వణకును. అది ఎరను కొరికి చూచుటయే గాని మ్రింగుట కాదు. జెల్ల పట్టినచో బెండు ఒక్క లాగున మునుగును. బెండు ప్రక్కకు మెల్లగా నడచినచో శీలావతి వంటి పెద్దచేప ఎరను నోటబెట్టుకొని పోవుచున్నదని అనుకొనవచ్చును. మునిగిన బెండును చూచి గడను ఆకసమునకు విసరరాదు. మణికట్టుతో కొంచెము ఎత్తినచో చాలును.

వంటయింట పాలు పొంగకుండ కాచు అలవాటు వలన కాబోలు, మా శ్రీమతి బెండు మీదినుండి చూపు మరల్చలేదు. అరగడియలో వ్రేలెడు పరిగ యొకటి ఆమె గాలమునకు చిక్కి వెండిముక్కవలె తళుక్కుమన్నది. మాకు జెల్ల దొరకినది. దానిని వృద్ధుడు మా చేతికీయలేదు. జెల్లకు వీపునను, చెంపలవెనుక ఇరుప్రక్కలను ముండ్లుండును. అవి గ్రుచ్చుకొన్నచో పోటు చాలసేపు వదలదు. ఆ ముండ్ల వెనుకనుండి బొటనవ్రేలును చూపుడువ్రేలును చేర్చి పట్టుట ఎట్లో ఆయన చూపెను.

ప్రొద్దెక్కిన పిదప కొరమీనుకై, మత్స్యకారుల సంఘము పాటకు దీసికొన్న చెరువునకు వారి అనుమతితో పోయితిమి. కొరమీను నీటిలోని ప్రాణవాయువుతో తృప్తిపడక, మాటిమాటికి పైకివచ్చి గాలి పీల్చును. అందుచేతనే నీరింకిన చెరువు బురదలోను కొంతకాలము బ్రతుకగలదు. తూడు, తామర అల్లుకొన్న నిలువనీరు దానికి ఇష్టము. దానికి ఎర్ర చాలదు. గట్టిదారము, పెద్దగాలము, ఎరగా చిన్నకప్ప కావలెను. గడ మా శ్రీమతి చేతనుండెను.

తూడుమధ్య నీటిపై కుంకుమ చల్లినట్లు ఒక ఎర్రని మచ్చ కనబడెను. అది మెల్లగా కదలుచుండెను.

"అవి కొరమీను పిల్లలమ్మగారూ! వందల్లో ఉంటాయి. కింద తల్లీ తండ్రీ కాపలా కాస్తున్నాయి. ఇప్పుడు కప్ప నేస్తే తక్షణం పట్టుకుంటుంది. ఆకలికి కాదు, పిల్లల దగ్గరకు వచ్చిందన్న కోపానికి," అని వృద్ధుడు చెప్పెను.

"తల్లిని పట్టేస్తే పిల్లలేమవుతాయి తాతా?" అని ఆమె అడిగినది.

"ఒక్క పూటలో జెల్లలూ, వాలుగలూ మింగేస్తాయమ్మా. మా చిన్నప్పుడు ఈ చెరువులో కొరమీను తనంతట తాను పుట్టేది. ఇట్టా పిల్లలమీద పట్టీ పట్టీ, ఇప్పుడు పిల్లను కొనితెచ్చి పోసుకుంటున్నాం. మీరు అంత దూరంనుంచి వచ్చారు. వెయ్యమంటే వేస్తాను. మీ ఇష్టం."

మేమేమియు అనలేదు, తండ్రి ఆమెకు తండ్రి. ఆమె కొంతసేపు ఆ ఎర్రమచ్చను చూచి, గడను వెనుకకు తీసికొనినది. "నాన్నగారికి బజారులో కొందామండీ!" అని మాతో అన్నది. వృద్ధుడు కప్పను చెరువుగట్టున వదలిపెట్టి, పంచెకు చేయి తుడుచుకొనెను. ఆనాడు మాకు దక్కినవి పదునాలుగు పరిగలు, మూడు జెల్లలు.

కొరమీను గ్రుడ్లు నీటిపై తేలుచు ఒకటి రెండు దినములలో పిల్లలగును. తల్లిదండ్రులు రెండును వానిని వారములకొలది కాచును. గాలమునకు ఆ దినములలో చేప సులభముగా చిక్కుననుట నిజమే. ఒక చేపకై వందల చేపలను కోల్పోవుటయు అంతే నిజము. నీటిలో మందుగుండు ప్రేల్చుట, విషము కలుపుట 1897 నాటి మత్స్యశాసనమే నిషేధించినది. పిల్లలను కాచు చేపపై గాలము వేయరాదని చెప్పుటకు మాత్రము గట్టుమీద ఎవరును నిలువరు. అది వేటగాని వివేకమునకు విడిచిన విషయము.

ఈ విద్యను నేర్వగోరువారికి మేము చెప్పదగినవి కొన్ని కలవు. ఎండకాలమున కాలువలు కట్టివేయుదురు గాన, నీరు వదలిన పిదప పోవలెను. వేకువజాము, సాయంసమయము అనుకూలములు. వ్రేలెడు పిల్లచేపలు పడినచో, చేయి తడిపికొని గాలము విప్పి నీటిలో విడువవలెను. తెగిన నైలాను దారమును గట్టున పారవేయరాదు; అది కొంగల కాళ్లకు ఉరియగును. దంపతులు కలసి పోవుట మేలు. ఒకరు బెండును చూచుచుండగా, వేరొకరు నీటిని చూడవచ్చును. ఆ ఊరి మత్స్యకారుని వెంటబెట్టుకొని, అతనికి తగిన కూలిని ముట్టజెప్పవలెను. ఏ చేప ఎచ్చట నుండునో, దేనిని ఎప్పుడు విడువవలెనో పుస్తకములకంటె అతనికే బాగుగా తెలియును.