జన్యువు ఒకటే, కంచాలు వేరు

2016లో బి. ఎస్. రామకృష్ణ, గోవింద్ మఖారియా తదితర వైద్యులు దేశంలోని మూడు ప్రాంతాల్లో 23 వేల మందికి పైగా ఆరోగ్యవంతులను పరీక్షించి ఫలితాలు ప్రచురించారు. గోధుమ పడక చిన్నపేగు దెబ్బతినే సీలియాక్ వ్యాధికి అవసరమైన జన్యువులు ఉత్తరాదిలో 38.1 శాతం మందిలో ఉంటే, దక్షిణాదిలో 36.4 శాతం మందిలో ఉన్నాయి. తేడా నామమాత్రం. వ్యాధి దగ్గరికి వస్తే మాత్రం ఉత్తరాదిలో వెయ్యికి 8.53, దక్షిణాదిలో 0.11. గోధుమ వాడకం అక్కడ రోజుకు సగటున 455 గ్రాములు, ఇక్కడ 25.

అన్నం తినేవాళ్ళు బతికిపోయారు, రొట్టె తినేవాళ్ళు దొరికిపోయారు అని లెక్క తేల్చేయాలనిపిస్తుంది. తొందరపడకూడదు. అదే అధ్యయనంలో ఈశాన్య రాష్ట్రాలవాళ్ళు తినే గోధుమ 37 గ్రాములే. వ్యాధి మాత్రం వెయ్యికి 4.66! జన్యువు ఒక్కటే చాలదు, గోధుమ పరిమాణం ఒక్కటే లెక్క తేల్చదు. ఈ రెండూ కలిసే చోట, చిన్నపేగు లోపలి గోడలో ఏం జరుగుతుందన్నదే ఈ స్మారకోపన్యాసానికి ఎంచుకున్న విషయం.

ఈ జబ్బు చరిత్ర మొదట్లో బియ్యానికి కాస్త అన్యాయమే జరిగింది. దీర్ఘకాలపు విరేచనాలతో, ఉబ్బిన పొట్టతో చిక్కిపోతున్న పిల్లలను చూసి 1888లో లండన్ వైద్యుడు శామ్యూల్ గీ ఈ వ్యాధిని స్పష్టంగా వర్ణించాడు. నయమంటూ అయితే పథ్యంతోనే అవుతుందన్నాడు. అక్కడిదాకా బాగానే ఉంది. ఆ పథ్యంలో బియ్యం, సగ్గుబియ్యం పనికిరావన్నాడు. రొట్టెను పల్చగా కోసి రెండువైపులా కాల్చి పెట్టవచ్చన్నాడు. రోజూ ఆల్చిప్పల మాంసం తిన్న ఒక బిడ్డ చక్కగా కోలుకుందని, వాటి కాలం అయిపోగానే జబ్బు తిరగబెట్టిందని కూడా రాశాడు. సాక్ష్యం చేతిలోనే ఉంది, దోషి మాత్రం దొరకలేదు.

దొరకబుచ్చుకున్నవాడు హేగ్ నగరంలోని పిల్లల వైద్యుడు విల్లెం డికె. 1930లలోనే ఆయన గోధుమను అనుమానించాడు. 1944-45 చలికాలంలో జర్మన్ల ఆక్రమణ కింద నెదర్లాండ్స్ ఆకలితో అల్లాడింది, రొట్టె కరువైంది. ఊరంతా నకనకలాడుతుంటే ఈ జబ్బు పిల్లలు మాత్రం తేరుకున్నారు. రొట్టె మళ్ళీ వచ్చాక మళ్ళీ పడకేశారు. 1950లో డికె తన పరిశీలనలను సిద్ధాంత గ్రంథంగా సమర్పించాడు. తప్పు గోధుమలోని పిండిపదార్థానిది కాదు, గ్లూటెన్ అనే ప్రొటీన్‌దని కొద్ది సంవత్సరాల్లోనే తేలింది.

గ్లూటెన్‌లో ప్రోలీన్, గ్లుటమిన్ అనే అమైనో ఆమ్లాలు మరీ ఎక్కువ. అందుకే జీర్ణరసాలు దాన్ని పూర్తిగా కోయలేవు. 33 అమైనో ఆమ్లాల పొడవున్న ఒక ముక్క మన ఏ జీర్ణ ఎంజైమ్‌కూ లొంగకుండా మిగిలిపోతుందని 2002లో స్టాన్‌ఫర్డ్‌లో చైతన్ ఖోస్లా బృందం చూపించింది. ఇది అందరి కడుపులోనూ జరిగేదే. పేచీ ఆ తరవాత మొదలవుతుంది. పేగు గోడలో ట్రాన్స్‌గ్లుటమినేజ్ అనే ఎంజైమ్ ఉంది. గాయాలు మానేటప్పుడు అది అక్కరకొస్తుంది. ఆ ఎంజైమే గ్లూటెన్ ముక్కలోని కొన్ని గ్లుటమిన్‌లను గ్లుటామిక్ ఆమ్లంగా మార్చి, వాటికి రుణావేశం ఇస్తుంది. హెచ్‌ఎల్‌ఏ-డీక్యూ2, డీక్యూ8 అనే అణువులు సరిగ్గా అలాంటి ముక్కలనే దోసిట్లో పెట్టుకుని రోగనిరోధక వ్యవస్థలోని టి-కణాలకు చూపిస్తాయి. పైన చెప్పిన 38, 36 శాతాలు ఈ దోసిలిని తయారుచేసే జన్యువులవే.

వైద్యులు కాని శ్రోతలకు ఇక్కడ ఒక అనుమానం రావాలి. దోసిలి ఇంతమందికి ఉంటే, జబ్బు వాళ్ళలో కొద్దిమందికే ఎందుకు?

జన్యువు ఉండటం ఒక ఎత్తు, అది ఎప్పుడు, ఎంతగా పనిచేస్తుందన్నది మరో ఎత్తు. గ్లూటెన్‌ను గుర్తుపట్టిన టి-కణాలు ఇంటర్‌ఫెరాన్-గామా అనే సంకేతాన్ని విడుదల చేస్తాయి. దాని ప్రభావంతో పేగు కణాల్లో వందల జన్యువుల పనితీరు మారుతుంది. హెచ్‌ఎల్‌ఏ అణువులు పెరుగుతాయి, ట్రాన్స్‌గ్లుటమినేజ్ కూడా పెరుగుతుంది. అంటే చూపించే చేతులూ పెరిగాయి, చూపించాల్సిన సరుకూ పెరిగింది. మంట తనకు తానే ఎగదోసుకుంటుందన్నమాట.

అయినా ఈ టి-కణాలు ఒంటరిగా పేగును పాడుచేయలేవు. ఇబ్బందిలో పడిన పేగు కణాలు ఇంటర్‌ల్యూకిన్-15 అనే సంకేతాన్ని పంపాలి; అది అందుకున్నాకే పేగు పొరలో కాపలా ఉండే కణాలు సొంత కణాల మీదికే తిరగబడతాయి. షికాగోలో బనా జాబ్రీ బృందం 2020లో దీన్ని ఎలుకల్లో నిరూపించింది. డీక్యూ8, ఎక్కువ ఇంటర్‌ల్యూకిన్-15, మేతలో గ్లూటెన్: మూడూ కలిస్తేనే పేగు గోడ మీద వేళ్ళలా ఉండే ఆంత్రచూషకాలు అణగారిపోయాయి. గ్లూటెన్ తీసేస్తే మళ్ళీ లేచాయి. అంతకు మూడేళ్ళ ముందు అదే బృందం, సాధారణంగా ఏ హానీ చేయని రియోవైరస్ కూడా గ్లూటెన్ పట్ల పేగుకున్న ఓర్పును చెడగొట్టగలదని చూపించింది. ఏ ఇన్ఫెక్షన్లు ఎక్కడ ఎక్కువన్నది కూడా ప్రాంతాల మధ్య తేడాకు ఒక కారణం కావచ్చు.

ఈ కథలో అన్నిటికన్నా ఆశ్చర్యపరిచే పాత్ర ప్రొటీన్‌ను తయారుచేయని జన్యు భాగాలది. హెచ్‌ఎల్‌ఏ కాక మరో నలభైకి పైగా చోట్ల ఈ వ్యాధితో ముడిపడిన తేడాలు బయటపడ్డాయి. వాటిలో ఎక్కువ భాగం ఏ ప్రొటీన్‌నూ మార్చవు. పక్కనున్న జన్యువులు ఎంత పలకాలో నిర్ణయిస్తాయి. 2016లో కొలంబియా విశ్వవిద్యాలయంలో శంకర్ ఘోష్ బృందం ఎల్‌ఎన్‌సీ13 అనే ఆర్‌ఎన్‌ఏను గుర్తించింది. మామూలు రోజుల్లో అది మంట పుట్టించే జన్యువులను అణచి ఉంచుతుంది. సీలియాక్ రోగుల పేగు ముక్కల్లో దాని మోతాదు తగ్గి కనిపించింది. వ్యాధితో ముడిపడిన రూపమైతే, తాను పట్టుకోవాల్సిన ప్రొటీన్‌ను గట్టిగా పట్టుకోలేకపోయింది.

గ్లూటెన్ మానేస్తే పేగు గోడ చాలామందిలో బాగుపడుతుంది. కానీ 2019లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం, పేగు పొరలో మొదట్నుంచీ ఉండే ఒక జాతి టి-కణాలు నశించి, వాటి స్థానంలోకి మంటకు అలవాటుపడిన వేరే కణాలు వస్తాయి. ఏళ్ళ తరబడి పథ్యం చేసినా పాతవి తిరిగి రావు.

మందు కోసం ప్రయత్నం లేకపోలేదు. ట్రాన్స్‌గ్లుటమినేజ్‌ను అడ్డుకునే జెడ్‌ఈడీ1227 అనే మాత్రను, రోజూ 3 గ్రాముల గ్లూటెన్ తింటున్న రోగులకు ఆరు వారాలిచ్చి చూస్తే పేగు చాలావరకు కాపాడబడిందని 2021లో డెట్లెఫ్ షుప్పాన్ బృందం రాసింది. తరవాత ఆ రోగుల పేగు ముక్కల్లో జన్యువుల పనితీరును కొలిచిన మరో వ్యాసం ప్రకారం, పెద్ద మోతాదు తీసుకున్నవారిలో ఇంటర్‌ఫెరాన్ రేపిన మార్పులు అణిగి ఉన్నాయి. డీక్యూ2 జన్యువులు తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండువైపులా వచ్చినవారికి మోతాదు ఇంకా పెంచాల్సి రావచ్చని కూడా ఆ వ్యాసం సూచించింది.

అప్పటిదాకా పథ్యమే వైద్యం. తెలుగిళ్ళలో అది చపాతీతో ఆగదు. బొంబాయిరవ్వ ఉప్మా, సేమ్యా పాయసం, మైదా బొబ్బట్లు మానాలి. కూటు ఇంగువలో తరచు గోధుమపిండి కలుపుతారు కనుక పులిహోర పోపును కూడా అనుమానించాలి. జొన్న, సజ్జ, రాగి, బియ్యం నిరభ్యంతరం. రక్తహీనత ఎన్నాళ్ళకూ తగ్గకపోయినా, బిడ్డ ఎదుగుదల ఆగిపోయినా వైద్యులు సీలియాక్ పరీక్ష రాయడం ఉంది. రక్తపరీక్ష, అవసరమైతే ఎండోస్కోపీ అయ్యేదాకా గోధుమ మానకూడదు. ముందే మానేస్తే యాంటీబాడీలు తగ్గిపోయి, ఉన్న జబ్బు కూడా పరీక్షలో లేనట్టే రావచ్చు.