అవ్వ మాట, మనుమరాలి మాట



75 సంవత్సరాలంటే ఒక కుటుంబంలో మూడు తరాలు. ఈ పాఠశాలలో తొలినాళ్లలో ఓనమాలు దిద్దిన పిల్లలలో ఎందరో నేడు అవ్వలు, తాతలు. వారి ఇండ్లు ఈ కాలంలో ఏ విధంగా మారినవో తలచుకొనుట ఈ వేడుకకు తగిన పని.

దక్షిణ పెన్న ఒడ్డున ఉన్న కావేరిపట్టణంలో ఆనాడు ఉమ్మడి కుటుంబాలను సేద్యమే కలిపి ఉంచినది. నాట్లకు, కోతలకు, మామిడితోటలో కాయ దించుటకు అందరి చేతులూ కావలసి వచ్చేవి. అన్నదమ్ములు ఒకే పొయ్యి మీద కెలికిన సంగటి తిని పొలానికి పోయేవారు. పెద్దనాయన, చిన్నాయన, మేనత్త అన్న పిలుపులు బిడ్డకు బడికి రాకముందే వచ్చేవి. వీధిలో తమిళం వినిపించినా, ఇంటి లోపల తెలుగే.

అయితే ఆ కాలమంతా బంగారమని చెప్పుట సత్యం కాదు. ఇంటి పెద్ద మాటకు ఎదురు లేదు. కోడలి మనసు అడిగేవారు అరుదు. ఆడపిల్ల ఈడేరితే చాలా ఇండ్లలో చదువు ఆగిపోయేది. ప్రగతి పత్రం మీద నాడు అవ్వ వేలిముద్ర వేసిన ఇంటిలో నేడు తల్లి చదివి సంతకం చేస్తున్నది. ఇది చిన్న లాభం కాదు.

మార్పునకు కారణం పిల్లల నిర్దయ కాదు, బ్రతుకుతెరువు. 1971లో ఏర్పడిన సిప్కాట్ సంస్థ హోసూరులో పారిశ్రామికవాడ నెలకొల్పినది. అక్కడ లారీలు, మోపెడ్లు, గడియారాలు తయారుచేసే కర్మాగారాలు వెలసినవి. దానికి ఆవల బెంగళూరు పిలిచినది. పంట ఇంటిల్లిపాదికీ ఒకటిగా వచ్చేది. జీతం ఎవరిది వారికి వచ్చినది. పొయ్యిలు వేరైనవి.

బడి కూడా మారినది. 2006లో తమిళనాడు ప్రభుత్వం చేసిన చట్టం ప్రకారం ఒకటవ తరగతి నుండి తమిళం తప్పనిసరి అయి, ఏటా ఒక తరగతి చొప్పున పదవ తరగతి వరకు సాగినది. ఉన్న నేల భాష నేర్చుకొనుట పిల్లలకు అవసరమే, గౌరవమే. కాని అంతకుముందు బడి మోసిన తెలుగు బరువులో అధికభాగం అప్పటినుండి ఇంటి మీద పడినది. ఆ ఇంటిలోనేమో అవ్వ లేదు.

ఇప్పుడు ఎన్నో ఇండ్లలో కనిపించే దృశ్యం ఇది. ఆదివారం కావేరిపట్టణం నుండి అవ్వ ఫోనులో “ఏమి తింటివే బంగారూ?” అని అడుగుతుంది. హోసూరులోని మనుమరాలికి మాట సగం తెలుస్తుంది; బదులు ఇంగ్లీషులోనో తమిళంలోనో వస్తుంది. నడుమ తల్లి దుబాసీ అవుతుంది. ఆ తల్లి తరం గడచిన తరువాత ఆ పాపకు తన వంశపు కథ, ఊరి ముచ్చట, మందాకు పేరు చెప్పేదెవరు?

తల్లిదండ్రులారా! ఉమ్మడి ఇల్లు తిరిగి రాదు. రావలసిన పని లేదు. పిల్ల తడబడినా నవ్వకుండా, అవ్వతో నేరుగా మాట్లాడనివ్వండి. సెలవులలో పది దినాలు ఆమె వద్ద ఉంచండి. పూర్వ విద్యార్థులారా! ఈ బడిలో నేర్చిన అక్షరాలను రోజుకు అరగంట మీ బిడ్డలచేత దిద్దించండి. దుబాసీ అవసరం లేని ఇంటిని పిల్లలకు మిగిల్చిననాడు ఈ ప్లాటినం పండుగ సార్థకమవుతుంది.

శుభం.