రేడియోలో మన గోర్ పాట – కొన్ని జ్ఞాపకాలు



రేడియోలో పాటలు వేసేవాడికి ఎదురుగా మనుషులు ఉండరు. ఒక గాజు అద్దం, ఒక గోడ గడియారం, అంతే. ఇంతమంది ముఖాలు చూస్తూ మాట్లాడటం నాకు కొంచెం కొత్త. నిర్వాహకులు ఇష్టమైన జ్ఞాపకాలు చెప్పమన్నారు. సినిమా పాటల సంగతి పక్కన పెడతాను. అవి నేను వేయకపోతే ఇంకొకరు వేసేవారు. మన పాటల ముచ్చటే చెబుతాను.

మా బాపు నారాయణఖేడ్ వైపు తాండా వదిలి పటాన్‌చెరు కంపెనీలో కూలికి చేరినప్పుడు ఇంటిల్లిపాదీ ఒకటే గదిలో ఉండేవాళ్లం. ఆ గదిలో విలువైన వస్తువంటే ట్రాన్సిస్టరే. హైదరాబాద్ కేంద్రం నుంచి కార్మికుల కార్యక్రమం వచ్చేది. చిన్నక్క, రాంబాబు, ఏకాంబరం మాట్లాడుకుంటుంటే బాపు ముద్ద చేతిలో పట్టుకుని అలాగే వినేవాడు. ఆ ముగ్గురూ ఆయనకు పక్కింటివాళ్ల లెక్క. ఒకరోజు మాత్రం, "వీళ్లల్ల ఒక్కరికి కూడా మన మాట రాదారా?" అని అడిగాడు. ఆ మాట నాలో ఉండిపోయింది.

తర్వాత నేను క్యాజువల్ అనౌన్సర్‌ని అయ్యాను. పనిచేసిన ఒక చోట గోర్ బోలి పాట వేస్తానంటే, "ఎవరికి అర్థమవుతుందయ్యా?" అన్నారు. చివరికి రాత్రిపూట ఐదు నిమిషాలు ఇచ్చారు. తీజ్ పాట ఒకటి వేశాను. వారం తిరిగేసరికి కార్డులు వచ్చాయి. మన భాషకు సొంత లిపి లేదు కదా, ఎవరు ఏ బడిలో చదివితే ఆ అక్షరాల్లోనే మన మాట రాసి పంపారు. తెలుగు అక్షరాల్లో కొన్ని, బీదర్ వైపు నుంచి కన్నడలో ఒకటి, మరాఠీ అక్షరాల్లో ఇంకొకటి. కన్నడ కార్డును చదివించుకోవడానికి బస్టాండు దాకా పోయి కర్ణాటక డ్రైవర్‌ని పట్టుకున్నాను. ఇక్కడ మనం షెడ్యూల్డు తెగ, కర్ణాటకలో షెడ్యూల్డు కులం, మహారాష్ట్రలో విముక్త జాతి. సర్కారు కాగితాల్లో మూడు రకాల మనుషులం. పాట విన్నప్పుడు మాత్రం ముగ్గురూ ఒకే చోట "వాహ్" అన్నారు.

ఇప్పుడు అన్నిటికన్నా పెద్ద జ్ఞాపకం. ఒక తాండాలో ముసలి యాడీ దగ్గరికి భుజాన టేప్ రికార్డర్ వేసుకుని పోయాను. హోళీ లేంగి పాడింది, సీత్లా పాట పాడింది, తీజ్ పాటలు తెగ పాడింది. ఢావ్లో పాడమంటే మాత్రం నోరు కట్టేసుకుంది. మీకు తెలుసు, ఈ కాలం పిల్లల కోసం చెబుతున్నా: పెళ్లికూతురు పుట్టింటిని విడిచిపోయేటప్పుడు ఏడుస్తూ పాడే పాట ఢావ్లో. పెళ్లికి ముందు పెద్ద ఆడవాళ్లు దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పేవారు. ఎంత బతిమాలినా యాడీ ఒకటే మాట: "పోయే పిల్ల లేదు, పెళ్లి లేదు. నీ డబ్బా కోసం ఎట్ల ఏడవాలె?"

ఆమెదే న్యాయం. వేళ కాని వేళ పాడితే అది ఢావ్లో కాదు. నేను తిరిగొచ్చేశాను. మూడు నెలలకు కబురు పంపింది, మనవరాలి పెళ్లి, డబ్బా తీసుకుని రా అని. మైకు దూరంగా పెట్టాను. గాలి చప్పుడు, మేకల అరుపులు, పిల్లల గోల అన్నీ ఎక్కాయి. సగంలో పెళ్లికూతురి గొంతు పూడుకుపోతే, మిగిలిన సగం ముసలామె అందుకుంది. ఒక్క ముక్క కోయకుండా వేశాను. మర్నాడు ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, నైట్ షిఫ్టుల విన్న. మిషన్ ఆపరాదు, ఏడుపు ఆగలె." నాకు దక్కిన సన్మానాలన్నీ ఆ ఫోను ముందు దిగదుడుపే.

ఆ టేపు ఇప్పుడు లేదు. అప్పట్లో టేపు ఖరీదు, పాత కార్యక్రమం తుడిచి కొత్తది ఎక్కించేవారు. ఏ స్టేషన్ అన్నది అనవసరం, చాలా చోట్ల అదే పద్ధతి. మొన్నామధ్య ఆ పెళ్లికూతురే కలిసింది. పాశమైలారంలో ప్యాకింగ్ పనిచేస్తోంది, కూతురికి సంబంధాలు చూస్తున్నారు. "అన్నా, మా దాదీ గొంతు నీ దగ్గర ఉందా?" అని అడిగింది. పిల్లకు నేర్పాలంట.

మన జిల్లాలోనే దీనికి వేరే దారి చూపినవాళ్లు ఉన్నారు. జహీరాబాద్ దగ్గర మాచ్నూర్‌లో సంఘం రేడియో. డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత మహిళా రైతులది. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు చెప్పింది 1995లో. స్వచ్ఛంద సంస్థలకు రేడియో పెట్టుకునే వీలిచ్చింది 2006లో. ఈ ఆడవాళ్లు అనుమతి కోసం చేతులు కట్టుకుని కూర్చోలేదు. 1998 నాటికే స్టూడియో పెట్టుకుని, పాటలు, విత్తనాల ముచ్చట్లు రికార్డు చేసి, క్యాసెట్లు సంఘం మీటింగుల్లో వినిపించుకున్నారు. పదేళ్ల తర్వాత, 2008 అక్టోబర్ 15న 90.4 మెగాహెర్ట్జ్ మీద ప్రసారం మొదలైంది. ప్రారంభించింది ఆ తీర్పు ఇచ్చిన ధర్మాసనంలోని జస్టిస్ పి.బి. సావంత్. అక్కడ స్టూడియో నడిపే జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ పేర్లు రేడియో లోకంలో తెలియనివాళ్లు తక్కువ. నాట్లప్పటి పాట, కలుపు పాట ఎవరికి అర్థమవుతాయని అక్కడ ఎవరూ అడగరు. పాడేదీ, రికార్డు చేసేదీ, వినేదీ వాళ్లే. ఇన్నేళ్లు మైకు ముందు కూర్చున్న నాకు వాళ్లను చూస్తే కొంచెం అసూయే.

మనకు స్టేషన్ లేదు. కానీ ప్రతి జేబులో రికార్డర్ ఉంది. తీజ్‌కు తాండాకు పోయినప్పుడు డాన్సు వీడియో ఒక్కటే తీయకండి. యాడీ పక్కన కూర్చుని పాట మొత్తం రికార్డు చేయండి, అడిగి చేయండి, వద్దంటే ఆపండి. మొదట్లోనే ఆమె పేరు, తాండా పేరు, ఏ వేళ పాటో ఆమె నోటే చెప్పించండి.

నా ఇంట్లో మిగిలిన క్యాసెట్లు ఓ అట్టపెట్టెడు ఉన్నాయి. ఇవాళ సంఘానికి ఇస్తున్నాను. చాలావాటి మీద తారీఖు తప్ప పేరు లేదు. భోజనాలయ్యాక పక్క గదిలో వినిపిస్తాం. పెద్దవాళ్లు వచ్చి కూర్చోండి. గొంతు గుర్తుపట్టినవాళ్లు ఎవరిదో, ఏ తాండాదో మా పిల్లలకు చెప్పండి, క్యాసెట్ మీద రాసుకుంటారు. సాయంత్రం బస్సుకు పోవాల్సినవాళ్లను ముందు కూర్చోబెడతాం.

జై సేవాలాల్.