మానేసిన తర్వాత మొదలయ్యే పని

ఈరోజు మీరు నర్సింగ్, సోషల్ వర్క్ పట్టాలు అందుకున్నారు.

చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి... మీరు ఎక్కడ ఉద్యోగంలో చేరినా తాగుడు మానాలని వచ్చే తండ్రులు మీకు ఎదురవుతారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారాపై తిరగబడితే, మరుసటి ఏడు ఆంధ్రప్రదేశ్ అంతటా సారా నిషేధించారు. కోలారు నుంచి మన చిక్కబళ్ళాపురం జిల్లా విడిపోయిన 2007లోనే కర్ణాటకలోనూ సారాయి ఆగింది. అంగడి మూయించడానికి చట్టం చాలు. నాయన తాగుడు మానేసినా ఆయనతో మాట్లాడని బిడ్డ విషయంలో చట్టం చేయగలిగింది లేదు. అక్కడ మీ పని మొదలవుతుంది.

పట్టుపురుగులు మేపే ఒక ఇల్లు ఊహించుకోండి. నాయన తాగి పడుంటే పదిహేనేళ్ల పిల్ల తెల్లారకముందే లేచి మల్బరీ ఆకు కోస్తుంది, పురుగులకు మేత వేస్తుంది. గూళ్లు శిడ్లఘట్ట మార్కెట్లో అమ్మగా వచ్చిన డబ్బు ఆయన కంటపడకుండా బియ్యం డబ్బాలో దాస్తుంది. కొన్నాళ్లకు నాయన వైద్యం చేయించుకుని ఇంటికొచ్చి, "ఇంక లెక్కలు నేను చూసుకుంటాలే" అంటాడు. పిల్ల ఇవ్వదు. "మానేశాను కదా, ఇంకేం కావాలి?" అని ఆయన నొచ్చుకుంటాడు.

అప్పుడు ఆ పిల్లకు "నాయన మారాడమ్మా, క్షమించు" అని బోధించకండి. ఇన్నాళ్లూ ఆ ఇంటిని నిలబెట్టింది ఆమె అనుమానమే. పట్టుపురుగు పొర విడిచే ముందు జ్వరంలో ఉన్నప్పుడు మన రైతు ఆకు వేయడు, కదిలించడు. పొర విడిచాకే మేత. ఈ వయసు పిల్లల మౌనాన్నీ అలాగే ఓర్చుకోవాలి. కొత్త ఫోన్ కొనిచ్చి మాట్లాడించాలని చూస్తే పని చెడుతుంది.

మీరు చెప్పాల్సింది తండ్రికి. "ఏదైనా తప్పు చేసుంటే" అనే మాట వద్దు. "నీ పరీక్ష ఫీజు తాగేశాను" అని చేసిన తప్పును పేరుపెట్టి ఒప్పుకోమనండి. తొమ్మిదింటికి వస్తానంటే తొమ్మిదింటికి రమ్మనండి. ముందు తెల్లవారుజామున ఆకు కోసే పని బిడ్డ చేతుల్లోంచి తీసుకోమనండి. డబ్బు పెత్తనం అన్నిటికంటే చివర. కొట్టే చెయ్యి ఇంకా ఆగని ఇంట్లో మాత్రం రాజీ మాట ఎత్తకండి. బిడ్డ క్షేమమే ముందు.

మళ్లీ తాగడం ఈ జబ్బులో జరిగేదే. జరిగితే అది తన తప్పు కాదని, ఆ రాత్రి ఏ అత్త ఇంటికో పిన్ని ఇంటికో వెళ్లవచ్చని బిడ్డకు ముందే చెప్పి ఉంచండి. మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబర్ 14416 రాసివ్వండి. తాగే పెద్దలున్న ఇళ్ల పిల్లల కోసం అమెరికాలో 1957లోనే అలటీన్ పేరుతో విడిగా సమావేశాలు మొదలయ్యాయి. అంటే తండ్రికి చికిత్స జరిగినంత మాత్రాన బిడ్డకు జరిగినట్టు కాదని లోకం ఎప్పుడో గుర్తించింది.

అందుకే ఉద్యోగంలో చేరిన మొదటి రోజు నుంచే, మీ ముందుకొచ్చిన ప్రతి తండ్రినీ "పిల్లలెందరు, ఏం చదువుతున్నారు?" అని అడగండి. ఆ పిల్లలను విడిగా కూర్చోబెట్టుకుని, వాళ్లు చెప్పేది చివరిదాకా వినండి.